గాలి లెక్క

"దీన్ని వేలితో ముట్టుకుంటే ఏమవుతుంది బాబాయ్?"

ఆమె అడిగిన తీరు మెకానిక్కుకు నచ్చలేదు.

ఆమె షెడ్డుకు నడిచి వచ్చింది. కారు తేలేదు. తెస్తే భర్తకు తెలిసిపోతుందట. ఇంజనులోకి వెళ్ళే గాలిని కొలిచే సెన్సర్ ఎక్కడుంటుందో, దాన్ని ఎలా ఊడదీస్తారో ఒక్కసారి చూపించమంది. ఏదో నేర్చుకోవాలన్న ముచ్చట కాబోలనుకుని, మరమ్మతుకొచ్చిన ఓ కారు బానెట్ ఎత్తాడు. ఎయిర్ ఫిల్టరు డబ్బా దాటగానే, గొట్టం మీద, అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క. క్లిప్పు నొక్కి వైరు పీకాడు. స్క్రూలు విప్పి బయటికి తీశాడు. లోపల వెంట్రుకలాంటి తీగ.

"ముట్టుకోకూడదమ్మా, కాస్త గట్టిగా తగిలితే తెగిపోతుంది. బండి నడుస్తున్నంతసేపూ ఈ తీగ వేడిగా ఉంటుంది. గాలి తగిలితే చల్లబడుతుంది. అది చూసే ఎంత గాలి వచ్చిందో లెక్కగట్టి, దానికి తగినంత పెట్రోలు పంపిస్తుంది కంప్యూటరు."

"మరి నూనె రాస్తే?"

"రాయడమేంటి?"

"అడుగుతున్నాలే, చెప్పు. ఇంజనాయిల్. ఓ బొట్టు."

"కంబళి కప్పుకున్నవాడికి చలి తెలుస్తుందా? దీనికీ అంతే. గాలి తక్కువొచ్చిందనుకుని పెట్రోలు తగ్గించేస్తుంది. బండి దగ్గుతుంది, కుదుపులిస్తుంది. ఏ సిగ్నల్ దగ్గరో, మలుపులోనో ఆగిపోతుంది."

"నడిరోడ్డు మీద."

"నడిరోడ్డు మీదే."

ఆమె పెదవి కొరుక్కుంది. "కావాలని రాశారని ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలిసినవాడు చూస్తే తెలుస్తుంది. ఫిల్టరు దాటి వచ్చే జిడ్డు దుమ్ముతో కలిసి పలచగా పడుతుంది. వేలితో రాస్తే ఒకపక్కే మందంగా ఉంటుంది. ఇంతకీ నీకెందుకమ్మా ఇదంతా?"

ఆమె మెల్లగా తలాడించింది, అంతే.

పక్కన సొట్టపడిన తలుపు సాపుచేస్తున్న ముసలాయన దెబ్బ ఆపాడు. షెడ్డులో అందరూ ఆయన్ని సుత్తి తాత అంటారు. చేతిలో సుత్తి ఉన్నందుకు కొంత, నోటికి విశ్రాంతి లేనందుకు కొంత.

"మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కిందట వెనకటికెవతో! ఏం తల్లీ, చెయ్యాల్సింది చేసేసి ఏమీ ఎరగనట్టు ఏడుద్దామనా?"

ఆమె నవ్వలేదు. "ఏడవడం ఎప్పుడో అయిపోయింది తాతా. నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశాడు. నా కాళ్ళ మీద నన్ను నిలబడనివ్వలేదు. ఆ వీధి వీధంతా చూస్తుండగా బదులు తీర్చుకుంటా. రేపు పొద్దున్నే."

"అమ్మా," అన్నాడు మెకానిక్కు, గొంతు తగ్గించి. "వెనకనుంచి లారీ వస్తుంటే? ప్రాణాలతో చెలగాటం అది."

"లారీ సంగతి నాకు బాగా తెలుసు బాబాయ్."

మెకానిక్కు చేతిలోని సెన్సర్‌ను చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఇది ఊడదీసి మళ్ళీ బిగించడానికి ఎంతసేపు పడుతుంది?"

"చెయ్యి తిరిగితే, టీ చల్లారేలోపు."

"అయితే ఆయన స్నానం ముగిసేలోపు అయిపోతుంది," అనుకుంది పైకే.

వద్దంటే వినే మనిషిలా లేదు. ఇక్కడ కాదంటే ఇంకో షెడ్డుకు వెళ్తుంది. మెకానిక్కు ఆలోచించి, అలమరలోంచి ఒక స్ప్రే డబ్బా తీశాడు.

"ఇది ఈ తీగను కడగడానికే చేసింది. వేరేదేదీ కొట్టకూడదు. ఇంజను చల్లగా ఉండాలి. తుడవకుండా దానంతటదే ఆరిపోనివ్వాలి. కోపంలో చేసినా, తర్వాత మనసు మారొచ్చు. మారితే కొట్టమ్మా. ఉంచుకో."

ఆమె రెండు చేతులా అందుకుంది. కళ్ళు తడిశాయి. మనసు కరిగిందనుకున్నాడు.

"ఆయన ముఖం మాడిపోవాలి బాబాయ్," అంది.

"ఇల్లెక్కడమ్మా?"

"పార్కు వెనక వీధి. ఆకుపచ్చ కారు మాదే."

ఆమె వెళ్ళాక సుత్తి తాత నిట్టూర్చాడు. "పాపం, ఎవడోగానీ నూకలు చెల్లాయి వాడికి. నువ్వేమో పాఠం చెప్పి మరీ పంపావు!"

ఆ మాట మెకానిక్కును నిద్రపోనివ్వలేదు. తెల్లవారగానే స్కూటరు తీశాడు. ఆమె ఏమనుకున్నా సరే, ఆ భర్తతో ఒక్క ముక్క చెప్పేయాలి. కారు తీయొద్దని చెప్పాలి.

వీధిలో అడుగుపెట్టేసరికే ఆకుపచ్చ కారు గేటు దాటి ముందుకు సాగిపోతోంది. రెండు పక్కలా మేడల మీద జనం. ఏదో వినోదానికి వచ్చినట్టు నవ్వుకుంటూ చూస్తున్నారు. గేటు దగ్గర ఒకాయన తడితల తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు.

"ఆపండి! ఎవరైనా ఆ కారు ఆపించండి!" అని అరిచాడు మెకానిక్కు. "అందులో ఆయన..."

"ఆయన కాదండీ, మా ఆవిడ." తువ్వాలు భుజాన వేసుకున్నాడతను. "డ్రైవరు ఉద్యోగానికి పరీక్షట మహాతల్లికి! మీరేం కంగారుపడకండి, మలుపు దగ్గర దానంతటదే ఆగుతుంది. ఆవిడ స్టీరింగు పట్టిందంటే ఆగడమే. అందుకే అందర్నీ పిలిచాను, కాస్త సరదాగా ఉంటుందని."

కారు మలుపు చేరింది. దగ్గలేదు. కుదుపు లేదు. తిరిగి, పెద్దరోడ్డెక్కి, కనుమరుగైపోయింది.

మేడల మీద నవ్వులు ఆగిపోయాయి. ఎవరో చప్పట్లు కొట్టారు.

నిన్న సాయంత్రం, ఎప్పటిలాగే, తను స్వయంగా వేలితో ఆ తీగకు పూసిన నూనె ఏమైపోయిందో భర్తకు ఎంతకూ అర్థం కాలేదు.