డేగకళ్లక్క పందెం

"దిగమ్మా, దిగు! ఇది టెక్నాలజీ ఉత్సవం, కూరగాయల సంత కాదు. ఎవరు పడితే వాళ్లు స్టేజీ ఎక్కేయడమేనా?"

మైకు పట్టుకున్న ఇంజనీరు అరిచాడు. డేగకళ్లక్క దిగలేదు. చొక్కాల ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడ్డ మనిషి. పొద్దస్తమానం నిలబడటం అలవాటైపోయిన కాళ్లు ఒకడి అరుపుకు కదుల్తాయా?

"దిగుతాను. ముందు సార్‌ని సంతకం ఆపమనండి."

సార్ అంటే ఫ్యాక్టరీ యజమాని. ఆయన ముందు ఒప్పందం కాగితం ఉంది, పక్కనే ఆ ఇంజనీరు అమ్ముతున్న కొత్త యంత్రం ఉంది. బల్ల మీద చొక్కా పరిస్తే, పైనున్న కెమెరా చూసి కుట్టులో లోపం చెప్పేస్తుందట. ఇన్ని ఊళ్ల జనం ముందు ఆయన సంతకం గీకితే, ఒకటో తారీఖు నుంచి చెకింగ్ టేబుల్ దగ్గర నలభైమంది ఆడవాళ్లకు పని లేనట్టే.

"ఏంటమ్మా, నలుగుర్లో నా పరువు తీస్తావా? ఏదన్నా ఉంటే ఫ్యాక్టరీలో మాట్లాడుకుందాం" అన్నాడు యజమాని పళ్లు బిగించి.

"ఫ్యాక్టరీలో మీ గది గుమ్మం దగ్గరే ఆపేశారుగా సార్. అందుకే ఇక్కడికి టికెట్టు కొనుక్కుని మరీ వచ్చాను."

జనం గొల్లుమన్నారు. ముందు వరసలో ఉన్న ఆమె తోటికోడలు మాత్రం నవ్వలేదు. తనదీ అదే టేబుల్, అదే జీతం.

"అక్కా, వద్దే! ఉన్నది కాస్తా ఊడుతుంది."

"ఎలాగూ ఊడేదేగా? నోరన్నా మిగలనీ!" అంది డేగకళ్లక్క. తర్వాత యజమాని వైపు తిరిగింది. "పందెం వెయ్యండి సార్. నా కళ్లా, మీ కెమెరానా? నేను ఓడితే నలభైమందినీ నేనే గేటు దాటిస్తాను, ఒక్కరు కిక్కురుమనరు. అది ఓడితే ఆ కాగితం చింపాలి."

ఇంజనీరుకు ఈ పందెం రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. ఇంతకు మించిన ప్రచారం డబ్బు పోసినా రాదు.

"ఒప్పుకోండి సార్! అసలిది ఈవిడ శిష్యురాలే. ఆరు నెలలు ఈవిడ టేబుల్ మీదే కెమెరా పెట్టాం. ఈవిడ తీసి పక్కన పడేసిన చొక్కాలన్నీ ఫొటోలు తీసి దీనికి నేర్పాం."

"ఓహో! గురువుకే పంగనామాలన్నమాట" అంది డేగకళ్లక్క. ఒళ్లు మండిపోయింది ఆమెకు.

యజమాని సరేనన్నాడు. ఇంజనీరు ఇరవై చొక్కాలు తెచ్చాడు. అందులో ఏడు, ఆ పొద్దున్నే డేగకళ్లక్క ఏరి పారేసిన పెట్టెలోంచి తీసినవి. ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు. బాగున్న చొక్కాకి పచ్చ దీపం. పాడైనదానికి ఎర్ర దీపం, దాంతోపాటు తేనె పూసిన ఆడగొంతు, "పనికిరాదు. పక్కన పెట్టండి" అని. తెర మీద లోపం చుట్టూ ఎర్ర సున్నా కూడా గీసి చూపిస్తుంది.

"నువ్వు చొక్కాలు చూడవేమ్మా?" అన్నాడు యజమాని.

"అవి నేను చూసినవే. నేను దాన్ని చూస్తున్నాను."

నిమిషం తిరక్కుండా యంత్రం ఏడింటికి ఏడూ పట్టేసింది. చప్పట్లు మోగిపోయాయి. యజమాని పెన్ను మూత తీశాడు. తోటికోడలు మొహం చేతుల్లో దాచుకుంది.

డేగకళ్లక్క తెర మీంచి చూపు తిప్పలేదు. ఏడో చొక్కాలో కుట్టు జారింది కాలరు కింద. ఎర్ర సున్నా మాత్రం దానికి రెండు వేళ్లు ఇవతల పడింది. హాల్లో అన్ని వందలమందిలో అది ఆమె ఒక్కతే చూసింది.

"ఇంకొక్కసారి సార్. ఆ ఏడే. ఈసారి నేను పరుస్తాను."

"వందసార్లు పరుచుకోండి!" అన్నాడు ఇంజనీరు ధీమాగా.

ఆమె చొక్కాలు తీసుకుంది. ఒక్కొక్కటీ ఫట్‌మని దులిపింది, అరచేత్తో గట్టిగా తుడిచింది, ముడతల్లేకుండా బల్ల మీద పరిచింది.

మొదటిదానికి పచ్చ దీపం. రెండోదానికీ పచ్చే. మూడు, నాలుగు, అయిదు, ఆరు... ఏడోదానికీ పచ్చ దీపమే వెలిగింది.

"మోసం! చొక్కాలు మార్చేసింది!" ఇంజనీరు గొంతు చించుకున్నాడు.

"ఇంతమంది చూస్తుండగా ఎక్కడ మార్చానయ్యా? ఇదిగో, జారిన కుట్టు జారినట్టే ఉంది. ఇదిగో, ఈ ఇంకోదాని చంక దగ్గర వేలు పెట్టి చూడండి సార్."

యజమాని వేలు పెట్టాడు. వేలు అటునుంచి బయటికొచ్చింది. ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు.

"ఏం చేశావమ్మా యంత్రాన్ని?"

"నేనేం చేస్తాను సార్! ఆరు నెలలు వీళ్లు దానికి నేర్పిందేమిటో చూపిస్తాను. కాస్త ఇలా నిలబడండి."

డేగకళ్లక్క కెమెరా మెడ పట్టుకుని ఆయన వైపు తిప్పింది. పదకొండేళ్లుగా పాడైన ప్రతి చొక్కా మీదా గుర్తు పెట్టే నీలం సుద్దబిళ్ల సంచిలోంచి తీసి, మల్లెపువ్వులాంటి ఆయన తెల్లచొక్కా జేబు మీద ఇంత ఇంటూ మార్కు గీసింది.

ఎర్ర దీపం వెలిగింది. తేనె పూసిన గొంతు హాలంతా వినపడేలా పలికింది: "పనికిరాదు. పక్కన పెట్టండి."