మసిగుడ్డ

పెళ్ళి లేకుండా కలిసి ఉన్నవాళ్ళు విడిపోతే, ఆఖరి నెలలో ఎవరి చేతులు ఎక్కువగా పడిన వస్తువు వాళ్ళకే చెందుతుంది. ఆ లెక్క ఇంటి గోడలే చూసుకుంటాయి.

విడిపోదామనుకున్నాక కూడా భార్గవ పొద్దున్నే లేచి కాఫీ పెట్టడం మానలేదు. శాంభవికి అనుమానం. ఆ ఇత్తడి ఫిల్టరు వాళ్ళమ్మది, పోయేముందు ఇచ్చింది.

"ఇంకా ఈ సేవలెందుకు బాబూ? మా అమ్మ ఫిల్టరు మీద కన్నేశావా?"

"చల్లారిపోతుంది, తాగు తల్లీ."

పంపకాల రోజు గోడ పలికింది. "సోఫా భార్గవది. ఫిల్టరు శాంభవిది. దాని మీద భార్గవ చెయ్యి ఒక్కసారీ పడలేదు."

శాంభవి తెల్లబోయి వంటింట్లోకి చూసింది. కడిగి ఆరబెట్టిన చల్లటి ఫిల్టరును భార్గవ మసిగుడ్డతో పట్టుకుని తెస్తున్నాడు.