గుమ్మం దగ్గర జత

“తలుపు తియ్యండమ్మా, పోలీసులం. ఇల్లు సోదా చెయ్యాలి!”

కోడలు గడియ మీద చెయ్యి వేసింది గానీ తియ్యలేదు. “వారంటు ఉందా?”

“పక్కింటివాళ్ళు ఎవరూ అడగలేదే!”

“నేను అడుగుతున్నాను. కిటికీలోంచి కాగితం చూపించండి, తీస్తాను.”

బయట గుసగుసలు. కాసేపటికి బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయింది.

గోడకు అతుక్కుపోయిన అత్తగారు నెమ్మదిగా అడిగింది. “వెళ్ళిపోయారా? అంతేనా?”

“అంతే అత్తయ్యా. కాగితం లేదు, మనం రమ్మనలేదు. ఇంకేం చేస్తారు?”

అత్తగారు గడప పక్కనే కూలబడింది. ఆరేళ్ళ క్రితం కొడుకును పట్టుకెళ్ళిన రోజు గురించి ఆవిడ ఇంతవరకూ పెదవి విప్పలేదు. అతను మళ్ళీ తిరిగి రాలేదు.

“ఆ రోజు నువ్వు పనికెళ్ళావు. లోపలికి రావచ్చా అని వాళ్ళు మర్యాదగానే అడిగారే అమ్మాయ్.”

“మీరేమన్నారు?”

“అప్పుడే ఇల్లు తుడిచాను. బూట్లు విప్పి రండి నాయనా అన్నాను.”

కోడలు గడియ మీది చెయ్యి తీసి అత్తగారి పక్కన కూర్చుంది.

“విప్పే వచ్చారు. వెళ్ళేటప్పుడు తీరిగ్గా తొడుక్కున్నారు. వాణ్ణి మాత్రం చెప్పులేసుకోనివ్వలేదు.”

కోడలు రోజూ దుమ్ము దులిపే ఆ జత ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.