అద్దం మూత

"ఇంజన్‌కు అద్దం మూత ఏందయ్యా? లోపలున్నది లోపల్నే ఉండనియ్యరాదా?" అంది బుష్రా, భర్తకు తెచ్చిన చాయ్ గ్లాసు షెడ్డులో బెంచీ మీద పెడుతూ.

ముదస్సిర్ తల ఎత్తలేదు. పాత అంబాసిడర్ ఇంజన్ తల మీద ఉండే రేకు మూతను వైస్‌లో బిగించి, దాని పైభాగాన్ని హాక్సా బ్లేడుతో కోస్తున్నాడు. చుట్టూ అంచు మాత్రం మిగలాలి. ఆ అంచు మీద రబ్బరు పరిచి, అద్దంలాంటి మందపాటి ప్లాస్టిక్ షీటు పెట్టి స్క్రూలు బిగించాలి. మొదటిసారి గద్వాలలోనే బోర్డులు రాసే దుకాణం నుంచి తెచ్చిన షీటు ఇంజన్ వేడికి అప్పడంలా వంకర తిరిగింది. ఈసారి హైదరాబాదు దాకా పోయి, వేడికి ఆగే రకం వెతికి తెచ్చుకున్నాడు.

"మహేశన్న బండికేనా?"

"ఆఁ."

"ఆయన అడిగిండా?"

"అడగలె. మూత తీయకుంటనే లోపల ఆయిల్ తిరుగుతుందా లేదా కనబడుతది. ఏమన్న అడ్డం పడితె ఎవ్వరికైన కనబడుతది. ఇగ ఎవ్వరికీ గట్ల కావొద్దు."

'గట్ల' అంటే ఏమిటో బుష్రాకు తెలుసు.

నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మహేశ్వర్ తల్లి జమ్ములమ్మకు గుండెల్లో నొప్పి వచ్చింది. చీరలు నేయించి అమ్మే మహేశ్వర్ ఆ రోజు కారేసుకొని వనపర్తి వెళ్లాడు. భార్య రోహిణి, అక్కడ అతను చీరలు వేసే దుకాణానికి ఫోన్ చేసింది. "ఇప్పుడే బయలెల్లుతున్న. నేనొచ్చి కర్నూలు దవాఖానకు తీస్కపోత, ఆగుండ్రి" అన్నాడు. ఆ మాట నమ్మి అందరూ ఆ కారు కోసమే ఎదురుచూశారు. అది పొద్దు గుంకాక వచ్చింది. అప్పటికి జమ్ములమ్మ లేదు.

"బండి ఆగిపాయె. దారిల ఎవరో మెకానిక్ పైన మూత తీసి, ఏందో సాఫ్ చేసి పంపిండు" అన్నాడు మహేశ్వర్, తల్లి కాళ్ల దగ్గర కూలబడి.

గుంపులో వెనక నిలబడిన ముదస్సిర్ తన చేతులు చూసుకున్నాడు. అంతకు ముందురోజే ఆ మూత తీసి వాల్వులు సరిచేసింది తనే. చేతులు తుడుచుకున్న బట్టపీలిక ఎక్కడ పెట్టాడు? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆయిల్ దారికి అడ్డం పడింది అదేనని తనకు తానే తేల్చుకున్నాడు.

మహేశ్వర్ ఒక్క మాట అనలేదు. బండి మళ్లీ ముదస్సిర్ షెడ్డుకే తెచ్చేవాడు. ఊళ్లో కార్లున్నవాళ్లను అక్కడికే పంపేవాడు. రంజాన్‌కు బుష్రాకు మంచి చీర పంపేవాడు. ఆ మంచితనమే ముదస్సిర్‌ను లోలోపల కాల్చేది. షెడ్డులో బట్టపీలిక అన్నది కనపడకుండా చేశాడు. చేతులు ప్యాంటుకే తుడుచుకునేవాడు. ఏ బండి మూత బిగించినా, మళ్లీ విప్పి చూసిగాని తాళం చెవి ఇచ్చేవాడు కాదు.

మరునాడు పొద్దున్నే వెళ్లి, మహేశ్వర్ ఇంటి ముందున్న కారుకు అద్దం మూత బిగించాడు. ఇంజన్ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి పట్టుకొని పిలిచాడు.

"అన్నా, జర ఇటు రా. చూడు."

మూత కింద వాల్వులు వరసగా లేస్తూ దిగుతున్నాయి. తేనెరంగు ఆయిల్ వాటి మీంచి మెల్లగా జారుతోంది. పక్కింటి మాసయ్య నోరు తెరిచి వంగి చూశాడు.

"ఓర్నీ! లోపల గిట్లుంటదా?"

మహేశ్వర్ మాత్రం ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. మాసయ్య అటు వెళ్లేదాకా ఆగి, "తీసెయ్ తమ్మీ దాన్ని" అన్నాడు.

"ఉండనియ్యన్నా. అమ్మ పోయిన దినం..." ముదస్సిర్ చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నా బట్టపీలికనే అన్నా. లోపల పెట్టి మర్చిపోయిన. అమ్మను నేనే సంపిన. ఇన్నేండ్లు నీకు చెప్పే దమ్ము లేకపాయె. కొట్టన్నా, తిట్టన్నా. గిట్ల మంచిగ చూస్తుంటె మాత్రం నేను బతకలేను."

మహేశ్వర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. గోడ పట్టుకొని లోపలికి వెళ్లిపోయాడు. గది తలుపు గడియ పడింది. ఆ వెనకే ఏడుపు వినిపించింది.

ముదస్సిర్ ఇంజన్ ఆపాడు. మానుతున్న పుండును మళ్లీ రేపానే అనుకుంటూ, పానాలు సంచిలో వేసుకోసాగాడు.

"ఆగు తమ్మీ."

రోహిణి గడప దాటి వచ్చింది.

"తప్పయింది వదినా. అన్నను పరేషాన్ చేసిన."

"గా బట్టపీలిక సంగతి నీకెవరు చెప్పిండ్రు?"

"ఒకరు చెప్పాల్నా వదినా? ముందుదినం మూత తీసింది నేనే. తెల్లారి బండి ఆగిపాయె."

రోహిణి వెనక్కి తిరిగి, గడియ పడిన తలుపు వైపు చూసింది. గడప దిగి ముదస్సిర్ దగ్గరికి వచ్చింది.

"మొగని పరువు అనుకొని నేను గూడ ఇన్నేండ్లు నోరు మూసుకున్న. నువ్వు గిట్ల కుములుతున్నవని నాకు తెల్వదు."

"ఏంది వదినా?"

"బండి ఆగలె తమ్మీ, ఆయనే పేకాట పత్తాల కాడ్నుంచి లేవలె."