సీల్ నోట్లో మంచినీళ్ళు

మధ్యాహ్నమే, అయినా నెత్తిన చుక్కలు. చలికాలమంతా సూర్యుడు మొహం చూపించని చోటది. గడ్డకట్టిన సముద్రం మీద, సీల్ జంతువు ఊపిరి పీల్చుకోవడానికి వచ్చే కన్నం పక్కన తగాక్ కదలకుండా నిలబడ్డాడు. కన్నం మీద పెట్టిన ఈక కిందనుంచి వచ్చిన ఊపిరికి వణికింది. ఈటె దింపాడు. బావమరిది కమానిక్‌ సాయంతో సీల్‌ను పైకి లాగాడు.

"నీళ్ళు పట్టు బావా. పాపం, బతుకంతా ఉప్పునీళ్ళే. దాహంతో పంపావంటే దీని చుట్టాలొక్కటీ మళ్ళీ మన మొహం చూడవు."

తగాక్ కోటు లోపల దాచుకున్న మంచినీళ్ళ సీసా తీసి, వేటగాళ్ళ ఆచారం ప్రకారం నీళ్ళు పొయ్యడానికి చచ్చిన సీల్ నోరు తెరిచాడు. అప్పటికే నోటినిండా నీళ్ళున్నాయి. వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పు లేదు. మంచు కరిగించిన నీళ్ళే, గోరువెచ్చగా ఉన్నాయి.

"నువ్వు పట్టావా?"

"నా సీసా కుక్కబండిలో గడ్డకట్టి పడుంది. ఏం, చలికి మతి పోయిందా బావా?"

కనుచూపు మేరలో ఇంకెవరూ లేరు. సీల్ వచ్చింది కిందనుంచి.

భయం కంటే, ఏమిటో చూడాలన్న ఆత్రమే ఎక్కువైంది తగాక్‌కి. మోకాళ్ళ మీద కూర్చుని, సీసా వంచి, ఆ నల్లటి కన్నంలోకి కాసిని నీళ్ళు పోశాడు. చెవి ఒగ్గాడు.

నీళ్ళలో నీళ్ళు పడ్డ చప్పుడు రాలేదు. గుటక వేసిన చప్పుడు వచ్చింది.