ఒక్క డబ్బా గేర్ ఆయిల్

వ్యాన్ వీధి మలుపు తిరగకముందే దాని కూత షాపులోకి వచ్చేసింది.

ఆయిల్ షాపు యజమాని తలెత్తకుండానే అన్నాడు.

"వచ్చాడండీ మన పెళ్లికొడుకు, మేళతాళాలతో!"

డ్రైవర్ బండి దిగీ దిగగానే కౌంటర్ మీద వాలిపోయాడు.

"అన్నా, నీ దగ్గరున్న వాటిల్లో బాగా చిక్కటి గేర్ ఆయిల్ ఇవ్వు. మధ్యాహ్నంలోపు ఈ మోత చావాలి."

"మధ్యాహ్నం ఏముందేమిటి?"

"పరీక్ష! పసిపిల్లల బడికి వ్యాన్ కావాలట. రెండు బండ్లని రమ్మన్నారు. మేడం స్వయంగా ఎక్కి చూస్తుందట. తిరుగుదారిలో పిల్లలు హాయిగా నిద్రపోవాలట. ఈ కూతకి నిద్రపోవడం అటుంచు, నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు."

కౌంటర్ పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్దాయన అంతదాకా పేపరు చదువుకుంటున్నాడు. ఇప్పుడు దాన్ని మడిచి పక్కన పెట్టాడు.

"చిక్కటిది వద్దబ్బాయ్."

"ఏం బాబాయ్, మీరు మెకానిక్కా?"

"కాదు. నాదీ ఇదే రకం బండి. చిక్కటి ఆయిల్ పోస్తే మోత కాస్త అణుగుతుంది గానీ, పొద్దున్నే గేరు కదలనని మొండికేస్తుంది. పైగా లోపల ఇత్తడి రింగులుంటాయి. ఘాటు మందు కలిపిన ఆయిల్ వాటిని తినేస్తుంది. ఎనభై-తొంభై నంబరు చిక్కదనం చాలు. డబ్బా మీద జీఎల్-ఫోర్ అని ఉండాలి, అంతే."

డ్రైవర్ నమ్మీ నమ్మనట్టు యజమాని వంక చూశాడు.

"ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ రకం ఒక్క డబ్బాయే ఉంది. అదీ ఈయనదే. పొద్దున్నే వచ్చి తీయించి పెట్టుకున్నాడు. మళ్లీ సరుకొచ్చేది ఎల్లుండే."

డ్రైవర్ షాపు మెట్టు మీద కూలబడ్డాడు.

"అయితే అయిపోయింది నా పని."

"అంత అవసరమా ఆ ఉద్యోగం?" అడిగాడు పెద్దాయన.

"దూరం కిరాయిలకి తిరుగుతాను బాబాయ్. నేను ఇంటికెళ్లేసరికి పాప నిద్రపోయి ఉంటుంది. అది లేచేసరికి నేనుండను. మొన్న పని మానేసి ఇంట్లో కూర్చుంటే, నన్ను చూసి ఏమందో తెలుసా? 'అమ్మా, మావయ్య వచ్చాడు' అంది!"

యజమాని పగలబడి నవ్వాడు. డ్రైవర్ కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"పాప వయసెంత?"

"రెండేళ్లు నిండాయి. ఈ పని దొరికితే చీకటి పడకముందే ఇంట్లో ఉంటాను. ఆ రెండో బండివాడెవడో గానీ, వాడి బండి ఈ ఒక్క పూట కదలకుండా ఉంటే చాలు!"

"అలాగే కానీలే," అంటూ పెద్దాయన లేచాడు. "ఆ డబ్బా ఇతనికిచ్చెయ్."

యజమాని తెల్లబోయాడు.

"మరి నీ బండో?"

"ఇన్నాళ్లు ఆగింది. ఎల్లుండిదాకా ఆగలేదా?"

డ్రైవర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. డబ్బా చంకన పెట్టుకుని, స్పానర్ పట్టుకుని బండి కిందికి దూరాడు.

"ఆగాగు! ముందు పై మూత విప్పు," అన్నాడు పెద్దాయన, తనూ చొక్కా చేతులు మడిచి నేల మీద వెల్లకిలా జరుగుతూ. "అది రాకుండా కిందిది విప్పావనుకో, ఉన్న ఆయిల్ పోతుంది, కొత్తది పోసే దారుండదు. మేడం నీకోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది."

పై మూత కాసేపు బెట్టు చేసి ఊడింది. కింది మూత తీస్తే కాటుకలాంటి ఆయిల్ కారింది. అదీ ఉండాల్సిన దాంట్లో సగమే.

"ఇదేం ఆయిలయ్యా, కషాయంలా ఉంది! కూత పెట్టక ఏం చేస్తుంది పాపం?"

కింది మూత బిగించి, గరాటుకి పైపు తగిలించి, కొత్త ఆయిల్ పెద్దాయనే పోశాడు. కన్నం అంచుదాకా వచ్చి ఒక బొట్టు బయటికి కారగానే ఆపాడు.

వీధి చివరిదాకా వెళ్లొచ్చిన డ్రైవర్ మొహం వెలిగిపోతోంది.

"పోయింది బాబాయ్! రెండో గేరులో మాత్రం కొంచెం గొణుగుతోంది."

"అది బేరింగ్ అరుగుదల. ఆయిల్‌తో పోదు. తీరిక చూసుకుని మార్పించు. ఇక వెళ్లు, టైమవుతోంది."

డ్రైవర్ తొందరలో పేరైనా అడగలేదు. చెయ్యి ఊపి, బండి దూకించాడు.

మధ్యాహ్నం మేడం ముందు సీట్లో కూర్చుంది. వెనక పిల్లలు మొదట కిచకిచలాడారు. తర్వాత మాటలు తగ్గాయి. కాసేపటికి ఒక్కో తలా పక్కవాళ్ల భుజం మీదికి ఒరిగిపోయింది. మేడం వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"రేపట్నుంచి వచ్చెయ్యండి."

డ్రైవర్‌కి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. బడి దగ్గర బండి ఆపగానే ఇంటికి ఫోన్ చేశాడు.

"పాపకి చెప్పు. రేపట్నుంచి సాయంత్రాలు నాన్న ఇంట్లోనే ఉంటాడని చెప్పు."

ఫోన్ పెట్టేశాక అతనికి ఆ సంగతి గుర్తొచ్చింది.

"మేడం, ఆ రెండో బండి ఇంకా రాలేదా?"

"రాదండీ. పాపం, ఈ పని ఇప్పించమని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. తీరా ఇవాళ, మీరు రావడానికి కాస్త ముందు ఫోన్ చేసి రానన్నాడు."

"ఎందుకట?"

"'వచ్చే బండినే పెట్టుకోండమ్మా, దానికి గేర్ ఆయిల్ నా చేత్తోనే పోశాను, పిల్లల్ని నిశ్చింతగా ఎక్కించండి' అన్నాడు."