ఆదివారం చెల్లని పాసు

“అంటే ఆదివారం ఈ పాసు చెల్లదా?”

“చెల్లదండి. ఇది సోమవారం నుంచి శనివారం దాకానే. ఆదివారం కూడా కావాలంటే గోల్డు పాసు తీసుకోవాలి.”

పొద్దున్నుంచీ అదే మాట చెప్పి చెప్పి కౌంటర్లో అమ్మాయి గొంతు పోయింది. బోర్డు మీద గోల్డు పాసు ధర చూసినవాళ్లు నమ్మలేక మళ్లీ చూస్తున్నారు. కిందటేడు ఏడాది పాసుకి కట్టినదానికి దాదాపు రెట్టింపు.

“నీళ్లు అవే, జారుడుబల్లలు అవే. ఆదివారానికి కొత్తగా కొమ్ములు మొలిసినాయేటి?” అన్నాడు త్రినాథ్.

బొబ్బిలిలో అతనికి ఫ్యాన్లు, మోటార్లు అమ్మే కొట్టుంది. విజయనగరం శివార్లలోని ఈ కెరటం వాటర్ పార్కుకి ఏడాది పాసులున్నవాళ్లందర్నీ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టింది అతనే. ధరలు మారాయన్న కబురు వచ్చినప్పట్నుంచి గ్రూపంతా ఒకటే రగడ. గోల్డు పాసు ఎవరూ కొనకూడదు, కొన్ని ఆదివారాలు పార్కు బోసిపోతే యాజమాన్యమే దిగొస్తుంది అని తీర్మానించారు. అందరూ బొటనవేలి బొమ్మ పెట్టారు. ఉమాశంకర్ పెట్టలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

ఇప్పుడతను వరసలో ముందుకొచ్చి, “గోల్డు పాసులు రెండియ్యమ్మా. నాకూ, పాపకీ,” అన్నాడు.

త్రినాథ్ అతని భుజం పట్టుకున్నాడు. “ఒరే శంకరం, ఏటిది? నిన్న ఏటనుకున్నాం?”

“మీరనుకున్నారన్నా.”

“వేసవి సెలవులే గదా, మీ పాప, ఆ గుంటకి ఏ రోజైనా ఒకటే. మామూలు పాసు తీసుకుని మంగళారమో బుధారమో రా.”

“నాకు కుదర్దు.”

“ఎందుకు కుదర్దు? మీ సాలూరు లారీ షెడ్డుకి సెలవు అమావాస్య నాడే గదా. ఆదివారం మానేసినా కూలి పోతాది, బుధారం మానేసినా పోతాది. తేడా ఏటి?”

ఉమాశంకర్ డబ్బులు లెక్కపెట్టి కౌంటర్లోకి తోశాడు. లారీ బాడీలకి వెల్డింగు చేసే మనిషి. నిన్న పొద్దుపోయేదాకా పనిచేసి, ఇవాళ తొలి బస్సు పట్టుకుని వచ్చాడు. కళ్లలో ఇసక పోసినట్టుంది. వాదించే ఓపిక లేక, పాసులు జేబులో పెట్టుకుని గేటు వైపు నడిచాడు.

“ఇలాటోళ్లుంటే రేట్లు తగ్గుతాయేటి?” అన్నారెవరో వెనక నుంచి.

త్రినాథ్ అతని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. కింద ‘సాలూరు జమీందారు గారు’ అని రాశాడు.

గేటు దగ్గర ఎనిమిదేళ్ల శ్రావణి, వాళ్లమ్మ అనిత నిలబడి ఉన్నారు. పాప తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. అనిత ఎప్పుడూ నీళ్లలో దిగదు. ఊరికే చూసేవాళ్లకిచ్చే టికెట్టు తీసుకుని, రేకుల షెడ్డు కింద సిమెంటు బల్ల మీద కూర్చుంది.

శ్రావణి ఎక్కిన జారుడుబల్లే మళ్లీ మళ్లీ ఎక్కింది. ఉమాశంకర్ నడుంలోతు నీళ్లలో నిలబడి, జారి వచ్చినప్పుడల్లా అందుకున్నాడు. మధ్యాహ్నానికి కాళ్లు తేలిపోసాగాయి. పాప పిల్లల కొలనులో ఆడుతుంటే, మొక్కజొన్న పొత్తులు కొని వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. ఒకటి అనితకిచ్చాడు. ఆమె వద్దనలేదు, తినలేదు.

బల్ల మీద అతని ఫోను ఆగకుండా గురగురమంటోంది. గ్రూపులో అందరూ తలో రాయీ వేస్తున్నారు. అతను దాన్ని బోర్లించి పెట్టాడు.

“గోల్డు పాసు తీసుకున్నావంట,” అంది అనిత.

“ఊఁ.”

“ఎందుకంత ఖర్చు? బస్టాండు దగ్గర పిల్లల పార్కుంది. అక్కడైతే పైసా అక్కర్లేదు. నేను వద్దంటానేటి?”

“అక్కడున్నది ఒక్క ఉయ్యాల. కాసేపు ఊగినాక, ఇంటికెల్లిపోదామంటాది.”

“అంటే అంటాది. చిన్నపిల్ల.”

“అందుకే ఇక్కడ కట్టినాను,” అన్నాడు ఉమాశంకర్.

అనిత పిల్లల కొలను వైపు తిరిగింది. చేతిలో పొత్తు చల్లారిపోయింది. అతనికి కునుకు ముంచుకొస్తోంది. లేచి ముఖం కడుక్కుని మళ్లీ నీళ్లలోకి దిగాడు. పడుకోడానికి రేపట్నుంచీ బోల్డు రాత్రులున్నాయి.

సాయంత్రం ఈల ఊదగానే అందరూ బయటికి వచ్చారు. శ్రావణి వేళ్లు నాని ముడతలు పడ్డాయి. “నాన్నా, ఆ పెద్దది మళ్లీ వారం ఎక్కుదామా?” అంది.

“ఎక్కుదాం.”

త్రినాథ్ ఇంకా గేటు బయటే ఉన్నాడు. వచ్చినవాళ్లందరికీ నచ్చచెప్పి అతని గొంతూ పోయింది. అతని మాట విన్నవాళ్లు మధ్యాహ్నమే ఇళ్లకి పోయారు. విననివాళ్లు లోపలికి పోయారు. ఉమాశంకర్‌ని చూసి దగ్గరికొచ్చాడు.

“ఫొటో తీసేసినాన్లే. మనసులో పెట్టుకోకు,” అన్నాడు.

“పర్లేదన్నా.”

“ఒక్కటి సెప్పు. నువ్వేం ఉన్నోడివి కాదు, నాకు తెలుసు. ఆరు రోజులు ఒగ్గేసి, ఈ ఆదివారాన్ని పట్టుకునే యేలాడతావేటిరా?”

రోడ్డు మీద ఆటో ఆగింది. అనిత పాపని ముందు ఎక్కించి, తడిబట్టల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శ్రావణి తల బయటికి పెట్టి తండ్రి వైపు చూసింది.

“ఆటో ఆగినాది, ముందు నువ్వెక్కు. తరవాత మాటాడుకుందాం,” అన్నాడు త్రినాథ్.

ఉమాశంకర్ కదల్లేదు. పాపకి చెయ్యి ఊపాడు.

“కోర్టు నాకు ఆదివారాలే ఇచ్చినాదన్నా.”